మాఫ్ అన్న మాట

మన్సూర్ పోయిన రోజు సారంగపాణికి ఏడుపు రాలేదు. తర్వాతా రాలేదు. ఏన్కూరు శివారులో తన కట్టె కోత మిషన్ కాడ, దించిన దుంగ మీద కూర్చొని బీడీ ముట్టించబోతుంటే ఫోనొచ్చింది. అవతల మన్సూర్ కొడుకు జావీద్. "చాచా, అబ్బా పోయిండు" అన్నాడు. గుండె అట. పొద్దున నమాజుకు లేచినవాడు లేచినట్టే కూలబడ్డాడట. సారంగపాణి సరే అన్నాడు. మిషన్ ఆపమని పనివాడు దస్రుకు చెయ్యి ఊపి చెప్పి, కాళ్లూ చేతులూ కడుక్కొని బండి తీశాడు. ఖమ్మం దాకా దారి పొడుగునా అతని బుర్రలో తిరిగింది ఒకటే సంగతి. మొన్న దించిన వేప దుంగలకు పురుగుమందు కొట్టలేదు, కొట్టాలి.

ఇరవై ఏళ్లు దాటిన దోస్తీ అది. ఖమ్మం పక్కన ఖానాపురం హవేలి అంటే నాలుగిళ్లూ నలభై ఎకరాల పొలమూ అయిన రోజుల్లో మన్సూర్ అక్కడ రేకుల షెడ్డు కిరాయికి తీసుకొని దర్వాజలు చెయ్యడం మొదలుపెట్టాడు. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్లయ్యాయి. నౌకరీ చేసేవాళ్లు వచ్చి ఇళ్లు కట్టుకున్నకొద్దీ ప్రతి ఇంటికీ ఒక దర్వాజ, నాలుగు కిటికీలు, పెళ్లయిన పిల్లకొక మంచం. కట్టె మాత్రం సారంగపాణి మిషన్ నుంచే. సారంగపాణి తండ్రి ఇల్లందు బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు దిగి, ఎక్కి, ఊపిరితిత్తుల నిండా నలుపు నింపుకొని, నౌకరీ దిగిపోయేటప్పుడు వచ్చిన పైకం కొడుకు చేతిలో పెడితే పెట్టిన మిషన్ అది. తండ్రి ఉండగా సాయంత్రాలు వచ్చి ఆ రంపపు పొట్టు వాసన పీల్చుతూ కూర్చునేవాడు. బొగ్గు కాని వాసన ఏదైనా ఆయనకు ఇష్టమే.

మన్సూర్‌కూ సారంగపాణికీ నడుమ కాయితాలు ఉండేవి కావు. కట్టె పోయేది, పైసలు వచ్చేవి. కొంచెం అటూ ఇటూ అయితే రంజాన్‌కో దసరాకో కూర్చొని నోటి లెక్క చూసుకునేవాళ్లు. అదంతా ఒక బిల్డర్ దెబ్బకు మారింది. వాడు ఒక అపార్ట్‌మెంట్ మొత్తానికి దర్వాజలు చేయించుకొని, సగం డబ్బులిచ్చి, మిగతా సగానికి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ దర్వాజల్లోకి పోయిన టేకు అంతా సారంగపాణిది. బాకీ నాలుగు లక్షల దాకా లేచింది. అప్పుడే సారంగపాణి భార్య సునంద పట్టుపట్టింది, కాయితం రాయించుకోమని. మన్సూర్ ఏమీ అనుకోలేదు. మిషన్ కాడికి తనే వచ్చి, దుంగ మీద అట్ట పెట్టుకొని, వంకర అక్షరాల తెలుగులో తనే రాశాడు. లెక్క చూసుకోగా ఇంత తేలిందనీ, కార్ఖానా నడుపుకుంటూ తీరుస్తాననీ. రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం పెట్టాడు. "రాయకపోతే వదిన ఇయ్యాల అన్నం పెట్టేటట్టు లేదు" అని నవ్వాడు. ఆ పూట సునంద చేపల పులుసు పోసింది.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఇప్పుడు మన్సూర్ తెల్లబట్టలో ఉన్నాడు.

ఖబరస్తాన్ ముందర ఖాళీ జాగాలో జనాజా దించారు. నమాజుకు వరసలు కట్టారు. సారంగపాణిలాంటి వాళ్లు, సిమెంటు షాపతను, చాయ్ హోటలాయన, ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు తలకు చేతిరుమాళ్లు కట్టుకొని పక్కకు నిలబడ్డారు. నమాజుకు ముందు జావీద్ అందరి ఎదుట నిలబడి, తన తండ్రి ఎవరికైనా బాకీ ఉంటే, ఎవరినైనా నొప్పించి ఉంటే, అల్లా కోసం మాఫ్ చెయ్యమని అడిగాడు. చెయ్యలేనివాళ్లు తనకు చెప్పండి, తను కడతానన్నాడు. ఆ మాట ప్రతి చావులోనూ కొడుకులు అడుగుతారు. వరసల్లోంచి "మాఫ్, మాఫ్" అని గొణుగుడు లేచింది. సిమెంటు షాపతనూ అన్నాడు, అతనికి రావలసింది కొద్దో గొప్పో ఉండే ఉంటుంది. జావీద్ కళ్లు ఆ వరసలన్నీ దాటుకొని వచ్చి సారంగపాణి మీద ఆగాయి.

"చాచా?"

"నాకేం లేదు బేటా. మాఫ్" అన్నాడు సారంగపాణి.

ఎవరింటికైనా పోయినప్పుడు కడుపులో ఎలుకలు పరిగెత్తుతున్నా "ఇప్పుడే తిన్న" అంటామే, ఆ లెక్కనే అన్నాడు. అక్కడ ఇంకో మాట ఎలా అంటారో అతనికి తెలియదు. అందరూ అంటున్నారు, తనూ అన్నాడు. తర్వాత గుంటలో మట్టి వేశాడు. చేతులు దులుపుకున్నాడు. ఎండగా ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చి గడప బయట స్నానం చేస్తుంటే, నీళ్లు పోస్తున్న సునందకు ఆ సంగతీ చెప్పాడు, మిగతా సంగతులతో పాటు. ఆమె చెంబు ఒక్క క్షణం గాలిలో ఆగింది. మళ్లీ పోసింది.

తర్వాతి రోజులు ఎట్లా పోయాయో సారంగపాణికి సరిగ్గా గుర్తులేదు. మిషన్ కాడికి పోయేవాడు. రంపం నడిచేది. చాలా ఏళ్లు మిషన్ పట్టుకున్నవాళ్లకు వేళ్ల కొసల్లో తిమ్మిరి పట్టి, సూది గుచ్చినా తెలియని రోజులొస్తాయి. అతనికి ఆ తిమ్మిరి ఇప్పుడు మోచేతులు దాటి పైకి వచ్చినట్టుండేది. ఎవరైనా మన్సూర్ గురించి "పాపం, మంచోడు" అంటే తల ఊపేవాడు. అన్నం రుచీ తెలిసేది కాదు, తినకపోతే ఆకలీ తెలిసేది కాదు.

రెండు నెలలు తిరక్కముందే బ్యాంకు నోటీసు వచ్చింది. కొత్త రంపం కోసం మిషన్‌నూ దాని కింది జాగానూ తాకట్టుపెట్టి తీసుకున్న అప్పది. అపార్ట్‌మెంట్ టేకు డబ్బు రాకపోవడంతో కిస్తీలు వరసగా తప్పాయి. బ్యాంకు మనుషులు వచ్చి గేటుకు కాయితం అంటించి, ఫొటో తీసుకొని పోయారు. మొదట చూసింది దస్రు. ఆ తండా మనిషికి చదువు అంతంత మాత్రం, అయినా గేటుకు కాయితం అంటిస్తే అది మంచికి కాదని తెలుసు. "సేట్, గిదేందో జూడు" అని పిలిచాడు. పాత కిస్తీలన్నీ ఒక్కసారి కడితే సరి, లేకపోతే వేలం. కట్టవలసింది దగ్గర దగ్గర మన్సూర్ బాకీ అంత.

సునంద ఏడ్చే మనిషి కాదు. మూడు రోజులు చుట్టాలకు ఫోన్లు చేసింది. పుట్టింటికి పోయి వట్టి చేతులతో వచ్చింది. నాలుగో రోజు బీరువాలోంచి మన్సూర్ రాసిన కాయితం తీసి, భర్త ముందర పెట్టింది.

"నేను అన్న గదా" అన్నాడు సారంగపాణి.

"ఏమన్నవ్? పీనుగు కాడ నిలబడి, 'లేదు, ఇయ్యాలె' అంటరా ఎవరన్న? అందరు అన్నరు, నువ్వూ అన్నవ్. గది మాట గాదు. గిది కాయితం."

అతను కాయితం వంక చూశాడు. ఆ వంకర అక్షరాలు చూస్తే ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు ఆగాడు. ఏమీ అనిపించలేదు. "నీ ఇష్టం" అన్నాడు.

ఖమ్మంలో వాళ్లకు తెలిసిన వకీలు భాను. ఏన్కూరు పిల్లే, చిన్నప్పుడు వాళ్ల మిషన్ కాడికి పొయ్యిలోకి చెక్కముక్కలు ఏరుకుపోవడానికి వచ్చేది, ఇప్పుడు కోర్టు ఎదురుగా మేడ మీద ఆఫీసు. కాయితం అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. తారీఖు చూసింది, స్టాంపు చూసింది, సంతకం గీతలు చూసింది. తర్వాత వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పుకొచ్చింది. సరుకు అరువిచ్చాక మూడేళ్ల లోపు కోర్టుకు రావాలి, లేకపోతే బాకీ బాకీగానే ఉన్నా కోర్టు ఇప్పించదు. ఆ గడువు దాటకముందే బాకీపడ్డవాడు అవును, ఇంత ఇవ్వాలి అని రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మూడేళ్లు కొత్తగా మొదలవుతాయి. మన్సూర్ గడువులోనే రాశాడు. రాసి మూడేళ్లు కాలేదు. మనిషి పోయినా కాయితం పోదు. అతను విడిచిపోయిన ఆస్తి ఎంత ఉంటే అంత మేరకు పెళ్లాం మీదా కొడుకు మీదా దావా నడుస్తుంది, వాళ్ల సొంత రెక్కల కష్టం జోలికి పోదు. షెడ్డులో మిషన్లు, నిల్వ ఉన్న కట్టె, వెనక ఇల్లు అతని పేరు మీదే కదా, చాలు.

సునంద ముఖంలో కొంచెం రక్తం ఆడింది.

"ఒక్కటే అడగాలె" అంది భాను. "ఎప్పుడన్న, ఎవరి ముందరన్న వదిలేసిన అన్నరా?"

కాయితం మీద సంతకం ఉన్నాక నోటి మాటతో పనేముందని సునంద అడిగింది.

"ఉన్నది పిన్నీ. బాకీ ఒప్పుకొనుడు సంతకం పెట్టిన కాయితంల ఉండాలె, లేకపోతే చెల్లదు. వదిలేసేదానికి కాయితం అక్కర్లేదు. స్టాంపు అక్కర్లేదు. నలుగురు వినంగ మనస్ఫూర్తిగ వదిలేసిన అంటే వదిలేసినట్టే. వాళ్లు ఆ నలుగురిని తెచ్చి నిలబెడితే మన కాయితం పండపెట్టుకోవాలె."

"ఏం అనలే" అంది సునంద.

భాను ఆమె వంక చూడలేదు. సారంగపాణి వంక చూసింది. అతను గోడకున్న క్యాలెండర్ చూస్తున్నాడు. అందులో ఏదో విత్తనాల కంపెనీ మిరపకాయ, ఎర్రగా, మనిషి చెయ్యంత ఉంది.

"బాబాయ్, మీరు చెప్పండి."

"ఆమె చెప్పింది గదా" అన్నాడు సారంగపాణి.

భాను రాసిన నోటీసు జావీద్ వాళ్లింటికి పోయింది. ఒక వారం గడిచింది. తర్వాత జావీద్ ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నోటీసు అందిందనీ, అమ్మీ ఒకసారి రమ్మంటున్నదనీ చెప్పాడు. ఇద్దత్‌లో ఉంది కాబట్టి ఆమె రాలేదు. మొగుడు పోయినామె నాలుగు నెలలా పది రోజులు ఇల్లు కదలదు, పరాయి మగవాళ్ల ఎదుటపడదు. సారంగపాణికి ఆ సంగతి తెలుసు. వస్తానన్నాడు. సునంద తనూ వస్తానంది. వద్దన్నాడు, ఎందుకు వద్దన్నాడో చెప్పలేదు.

షెడ్డు ముందర షేర్ ఆటోలు ఆగి పోతున్నాయి. లోపల సగం చేసిన దర్వాజ ఒకటి గోడకు ఆనించి ఉంది. జావీద్ వేసుకున్నవి తండ్రి చెప్పులు కావని, కొత్తవని ఎందుకో సారంగపాణి గమనించాడు. షెడ్డు వెనక రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుర్చీ వేశారు. లోపలి గదికి ఆకుపచ్చ పరదా. జావీద్ చాయ్ తెచ్చి పెట్టి, గడప పక్కన కింద కూర్చున్నాడు.

"భాయ్‌సాబ్, అన్నం తిన్నరా?" అని పరదా వెనకనుంచి మన్సూర్ భార్య జహీదా అడిగింది.

"తిన్న చెల్లె."

కాసేపు ఆమె సునంద బాగున్నదా అని అడిగింది, మిషన్ నడుస్తున్నదా అని అడిగింది. బ్యాంకు సంగతి ఆమెకు తెలిసినట్టే ఉంది, ఎత్తలేదు. తర్వాత నోటీసు మాటకు వచ్చింది. కాయితం ఆయన రాసిందే, సంతకం ఆయనదే, తాము కాదనబోమని చెప్పింది. జావీద్ ఒక వకీలును అడిగాడనీ, ఆ పొద్దు సేట్ మాఫ్ అన్నాడు, విన్నవాళ్లు ఇరవై మంది ఉన్నారు, వాళ్లలో ఇద్దరిని తెస్తే చాలు కేసు నిలబడదని ఆ వకీలు అన్నాడనీ చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు.

"నాకు కోర్టు తెల్వదు భాయ్‌సాబ్. నేను పిలిచింది గందుకు గాదు. మీరు మాఫ్ అన్నరని జావీద్ వచ్చి చెప్పినప్పటి సంది నేను ఆ మాట మీదనే నిద్రపోతున్న. బాకీ ఉన్నోడు మట్టిలకు పోయినా పోనట్టే మాకు. ఆగుతడు. ఎవరో ఒకరు తీర్చేదాక అక్కడే ఆగుతడు. మీరు విడిపిచ్చిన్రు అనుకున్న."

చాయ్ మీద మీగడ కట్టింది. సారంగపాణి దాన్ని చూస్తున్నాడు.

"మీరు అని ఉంటే నేను ఒక్క పైస ఇయ్య. ఇస్తే మీరు చేసిన మాఫ్‌ను నేను తీసేసినట్టు. అనకపోతే, ఇల్లు అమ్మయినా ఇస్త. రెండిట్ల ఏది నిజమో మీరే చెప్పండి. మీరు ఏది చెప్తే అదే. మళ్ల అడగ. జావీద్ గూడ కోర్టుల నోరు తెరవడు, సాక్షులను పిలవడు. నాకు ఆయన సంగతి తెలిస్తె చాలు."

సారంగపాణి జావీద్ వంక చూశాడు. జావీద్ ఆ రోజు అతని కళ్లలోకి చూసి అడిగినవాడు. ఇప్పుడు నేల మీద చాపలో లేచిన ఒక పుల్లను గోటితో అణుస్తున్నాడు. అణిస్తే పడుకుంటుంది, వేలు తీస్తే లేస్తుంది.

మన్సూర్ ముఖం గుర్తుచేసుకోవాలని సారంగపాణి ప్రయత్నించాడు. ముఖం రాలేదు. చెవి మీద పెట్టుకున్న పెన్సిలు ఒక్కటే వచ్చింది, కింద మనిషి లేకుండా. గేటుకు అంటించిన కాయితం మాత్రం అక్షరం అక్షరం వచ్చింది. తండ్రి కూర్చునే దుంగ వచ్చింది. భయం కానీ సిగ్గు కానీ వస్తుందేమో, వస్తే దాన్ని బట్టి చెబుదామని చూశాడు. ఏదీ రాలేదు. బయట ఆటో డ్రైవరు ఎవరినో బస్టాండా, బస్టాండా అని పిలుస్తున్నాడు.

"అనలేదు చెల్లె" అన్నాడు.

జావీద్ గోరు ఆగింది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నోరు ఊరుకోలేదు. "చానమంది ఉన్నరు. పక్కన ఎవరో అన్నరు. బేటా నేను అన్న అనుకున్నట్టున్నడు."

పరదా కొంచెం కదిలింది. ఆమె లేచి పోయిందేమో అనుకున్నాడు. తర్వాత అదే గొంతు, అదే ఎత్తున వచ్చింది.

"సరే భాయ్‌సాబ్. అట్లయితే ఆయన ఇంక ఆడనే ఉన్నడు. జావీద్, జల్దీ చూడు బేటా."

"అవ్ అమ్మీ" అన్నాడు జావీద్.

బండి దాకా సాగనంపడానికి వచ్చాడు. స్టాండు తీస్తుంటే వారం టైమివ్వమని అడిగాడు. సారంగపాణి, తొందరేం లేదు, నిదానంగా చూసుకొమ్మన్నాడు.

"మాకు ఉన్నది చాచా" అన్నాడు జావీద్.

వారం కూడా పట్టలేదు. చెక్క నున్నగా చేసే రంద మిషన్ వేరే కార్ఖానావాడు వచ్చి ఎత్తుకుపోయాడు. ఎండబెట్టిన టేకు పలకలు, వాళ్ల నాయన పండగలకు కూడా అమ్మనివ్వకుండా దాచినవి, పోయాయి. మిగిలింది జహీదా మెడలోంచీ చేతుల్లోంచీ వచ్చింది. ఇల్లు మాత్రం అమ్మాల్సిన పని పడలేదు. ఇవన్నీ సారంగపాణికి ఎవరూ చెప్పలేదు. భాను ఆఫీసులో బల్ల మీద పెట్టిన నోట్ల కట్టలు రకరకాలుగా ఉండడం చూసి ఊహించుకున్నాడు. కొన్ని బ్యాంకు రబ్బరుతో, కొన్ని పసుపు దారంతో, కొన్ని వట్టిగా.

మన్సూర్ కాయితం వెనక బాకీ మొత్తం ముట్టిందని రాసిమ్మని జావీద్ అడిగాడు. భాను రాసింది. సారంగపాణి సంతకం పెట్టాడు. జావీద్ కూడబలుక్కొని మొదటినుంచి చివరిదాకా చదివాడు. చదివి కాయితం మడవకుండా చేతిలో పట్టుకునే నిలబడ్డాడు.

"చాచా, ఇప్పుడు నోటితో గూడ అనండి. మా అబ్బా మీద మీకేం లేదని. అమ్మీ విని రమ్మన్నది."

భాను తల ఎత్తింది. పెన్ను మూత పెట్టబోతున్న చెయ్యి అట్లాగే ఉంది. ఆ పిల్ల కోర్టులో ఎందర్ని చూసిందో, ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

"ఏం లేదు" అన్నాడు సారంగపాణి.

"మాఫ్ అనకండి. ముట్టింది అనండి."

"ముట్టింది బేటా."

జావీద్ తల ఊపి, కాయితం తీసుకొని మెట్లు దిగిపోయాడు. సునంద నోట్లు రెండోసారి చూసుకుంటూ ఉంది. భాను ఫీజులో మిగతాది అడగలేదు. సునంద ఇవ్వబోతే తర్వాత చూద్దామంది. కిందికి దిగేటప్పుడు వెనకనుంచి, "చెప్పులు మర్చిపోయిన్రు సారంగపాణి గారూ" అంది. చిన్నప్పటి నుంచి బాబాయ్ అని తప్ప పిలవని పిల్ల.

బ్యాంకు కాయితం గేటు మీదనుంచి పోయింది. జిగురు మరక మిగిలితే దస్రు చెక్కముక్కతో గీకేశాడు. ఆ దస్రే ఒక శనివారం పొద్దున కొత్త సంగతి మోసుకొచ్చాడు. ముందు రోజు ఖమ్మంలో కోళ్లు కొనడానికి పోయి విన్నాడట. జుమ్మా నమాజ్ అయ్యాక జావీద్ మసీదులో లేచి, తన తండ్రి సేట్ సారంగపాణికి ఉన్న బాకీ అణాపైసలతో తీరిందనీ, ఆయన మీద ఇక ఎవరి హక్కూ లేదనీ, దువా చెయ్యమనీ చెప్పాడట. ఎవరినీ ఏమీ అనలేదు. తీరిందని చెప్పాడు, అంతే. ఆ మసీదులో కూర్చున్నవాళ్లలో సగం మంది ఆనాడు ఖబరస్తాన్ ముందర వరసల్లో నిలబడ్డవాళ్లే.

"వాళ్లు ఏమన్నరు?" అని అడిగాడు సారంగపాణి.

"ఎవళ్లు ఏమనలేదంట సేట్. దువా చేసిన్రంట" అన్నాడు దస్రు, దుంగ కిందికి గడ్డపార పెడుతూ.

సునంద విని, మంచిదే కదా, తీర్చామని చెప్పుకున్నారు, అందులో తప్పేముంది అంది. ఆ మధ్యాహ్నం కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. సారంగపాణి తినేశాడు. ఆమె తను తినబోయి, ముద్ద నోట్లో పెట్టుకున్నాక, ఉప్పెక్కువైందని చెప్పలేదెందుకని అడిగింది. తెలియలేదన్నాడు. నిజంగానే తెలియలేదు.

మిషన్ నడుస్తూనే ఉంది. గిరాకీ తగ్గలేదు. సిమెంటు షాపతను తన చెల్లెలింటికి దూలాలు కోయించుకుపోయాడు, చాయ్ హోటలాయన పొట్టు బస్తాలు తీసుకుపోయాడు. ఎప్పటిలాగే నవ్వారు, ఎప్పటిలాగే బేరం చేశారు. పైసలిచ్చేటప్పుడు మాత్రం పక్కన ఇంకొకర్ని వెంటబెట్టుకొని వస్తున్నారని సారంగపాణికి కొన్నాళ్లకు అర్థమైంది.

వానలు పడ్డాక జావీద్ వచ్చాడు. ట్రాలీ ఆటో గేటు బయట ఆపి, లోపలికి నడిచొచ్చాడు. చేతుల నిండా బొబ్బలు. రంద మిషన్ పోయాక చేతి రందతోనే పని చేస్తున్నాడు. దగ్గర్లో కట్టె అమ్మే అడితులు లేక కాదు, అమ్మీ ఇక్కడికే పొమ్మన్నదట. ఇద్దత్ అయిపోయింది, ఆమె బాగానే ఉందట. ఇన్నేళ్లు తెచ్చినచోట తేకపోతే పగబట్టినట్టు ఉంటుంది, మనకెవరి మీదా పగ లేదు అన్నదట. ఇదంతా అతను కట్టెల మధ్య తిరుగుతూ, ఒక్కొక్క పలకను వేలి కణుపుతో కొట్టి చప్పుడు వింటూ చెప్పాడు. అచ్చం వాళ్ల నాయన కొట్టినట్టే కొడుతున్నాడు. సారంగపాణి వెంట తిరిగాడు.

రెండు దర్వాజలకు సరిపడా నల్లమద్ది తీసుకున్నాడు. సారంగపాణి లెక్క చెప్పి, తగ్గించి, పైసలకేం తొందర, పని అయినాక ఇద్దువు తీయ్ అన్నాడు. జావీద్ అప్పటికే జేబులోంచి డబ్బులు తీసి పలక మీద పెట్టాడు. తగ్గించినది కూడా కలిపి పెట్టాడు.

"బిల్లు రాయండి చాచా."

"మనకు మనకు బిల్లేందిరా."

"రాయండి."

బిల్లు బుక్కు ఎక్కడుందో సారంగపాణికి తెలియదు. సొరుగులో పాత రంపం పళ్ల కింద దొరికింది, అంచులు చెద తిని ఉంది. అందులో ఆ ఇంటి పేరు మీద ఇంతకుముందు ఒక్క బిల్లూ లేదు. పేరు రాసే చోట మన్సూర్ అని రాయబోయి, మ దగ్గర ఆగి, కొట్టేసి, జావీద్ అని రాశాడు. కొట్టేసింది వద్దు, ఇంకోటి రాయమన్నాడు జావీద్. ఇంకోటి రాశాడు. సరుకు, కొలత, ముట్టిన పైకం, బాకీ లేదు. బాకీ లేదు అన్నది రాయమని జావీద్ చెప్పలేదు, అయినా రాశాడు. సంతకం పెట్టాడు. జావీద్ అది చదివి, గడ్డపార పట్టుకొని నిలబడ్డ దస్రు వంక తిరిగాడు.

"మామా, నువ్వు గూడ ఒకటి పెట్టు. సాక్షి."

దస్రు సేట్ ముఖం చూశాడు. సారంగపాణి పెన్ను అతని చేతికిచ్చాడు. దస్రు చేతులు లుంగీకి తుడుచుకొని, నాలుక కొస పంటి కింద పెట్టుకొని, పెద్ద పెద్ద అక్షరాలతో తన పేరు రాశాడు. జావీద్ కాయితాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి కట్టె ట్రాలీలోకి ఎక్కించారు. తాడు కట్టడం జావీద్‌కు అంత బాగా రాదు, సారంగపాణి ఇంకో చుట్టు తిప్పి ముడి బిగించాడు.

"పోయొస్త చాచా."

"మంచిది బేటా. అమ్మీని అడిగిన అని చెప్పు."

"చెప్త" అన్నాడు జావీద్.

ఆటో రోడ్డెక్కింది. దస్రు స్విచ్ దగ్గరికి పోయి, ఏ దుంగ పెట్టమంటారని అడిగాడు. సారంగపాణి, ఏదైనా ఒకటే, ముందున్నది పెట్టు అన్నాడు.